ఎలుగుబంట్లు తిరిగే చోట తక్కువ ఖర్చులో క్యాంపింగ్

అందరికీ నమస్కారం. శనివారం పూట పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు, చాలా సంతోషం. ఈ వేసవిలో అమెరికాలోని ఎల్లోస్టోన్, గ్లేసియర్, యోసెమిటీ లాంటి నేషనల్ పార్కులకు వెళ్లి టెంట్ వేద్దామనుకుంటున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. చదువుకుంటున్నవాళ్లు, ఈమధ్యే ఉద్యోగంలో చేరినవాళ్లు, చిన్నపిల్లలున్న కుటుంబాలు. హోటల్ గదులకు అంత డబ్బు పెట్టలేరు, లేదా పెట్టడం ఇష్టం లేదు. రెండూ మంచి కారణాలే.

నన్ను ఎవరు అడిగినా మొదట టెంట్ గురించే అడుగుతారు. ఏ కంపెనీది కొనాలి, ఎంతలో వస్తుంది అని. నేను తిరిగి అడిగేది వేరు. ఏం తింటారు? తినగా మిగిలింది రాత్రి ఎక్కడ పెడతారు? ఎలుగుబంట్లున్న చోట బడ్జెట్ ఇక్కడే మొదలవ్వాలి. టెంట్ అరువు తెచ్చుకోవచ్చు, స్లీపింగ్ బ్యాగ్ అద్దెకు తీసుకోవచ్చు, కుర్చీలు లేకుండా నేల మీదే కూర్చోవచ్చు. తిండి దాచే ఏర్పాటులో మాత్రం పైసా కూడా కోత పెట్టకూడదు. అక్కడ మనం చేసిన పొదుపుకు ముందుగా మూల్యం చెల్లించేది ఎలుగుబంటి, ఆ తర్వాత మన వెనక అదే సైట్‌లో దిగే కుటుంబం.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 1967 ఆగస్టులో మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో ఒకే రాత్రి, మైళ్ల దూరంలో ఉన్న రెండు చోట్ల, రెండు వేర్వేరు గ్రిజ్లీలు, అంటే పెద్ద గోధుమరంగు రకం ఎలుగులు, ఇద్దరు 19 ఏళ్ల అమ్మాయిలను చంపేశాయి. పార్కు ఏర్పడింది 1910లో. అన్నేళ్లలో అక్కడ ఎలుగుల దాడిలో ప్రాణాలు పోవడం అదే మొదటిసారి. ఒకే రాత్రి రెండు ఎలుగులకు ఏమొచ్చింది? ఒకచోట కొండ మీద పర్యాటకుల బస ఉండేది. అక్కడ మిగిలిన తిండిని రోజూ వెనక పారబోసేవారు. గ్రిజ్లీలు వచ్చి తింటుంటే పర్యాటకులు నిలబడి చూసేవారు. రెండోచోట సరస్సు పక్కన ఒక బక్కచిక్కిన ఎలుగు వేసవంతా క్యాంపుల మీద పడి తిండి ఎత్తుకుపోతూ ఉంది. ఫిర్యాదులు వచ్చినా ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. ఎల్లోస్టోన్‌లో కూడా ఒకప్పుడు చెత్తకుప్పల దగ్గర ఎలుగులు తింటుంటే జనం కూర్చుని చూడటానికి బెంచీలు వేశారు. ఆ కుప్పలన్నీ 1970 ప్రాంతానికి మూసేశారు. ఇవాళ మనకు కనిపించే నిబంధనలు, తిండి దాచే ఇనుప లాకర్లు, జరిమానాలు చాలావరకు ఆ అనుభవం నుంచి వచ్చినవే.

పార్కును చూసుకునే రేంజర్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: మనిషి తిండి మరిగిన ఎలుగు చచ్చిన ఎలుగే. ఒకసారి టెంట్ల దగ్గర తిండి దొరికితే అది మళ్లీ వస్తుంది. మనుషులంటే భయం పోతుంది. దూరంగా తీసుకెళ్లి వదిలినా తిరిగి వచ్చేస్తుంది, లేదా ఇంకో క్యాంప్‌గ్రౌండ్ వెతుక్కుంటుంది. చివరికి దాన్ని చంపడం తప్ప దారి ఉండదు. దానికి కారణం ఎక్కడో ఒక కుటుంబం బల్ల మీద వదిలేసిన చిప్స్ ప్యాకెట్ కావచ్చు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం, అందుకే ఇంత పట్టుదలగా చెబుతున్నాను.

సరే, డబ్బు లెక్కలోకి వద్దాం.

ముందు ప్రవేశ రుసుము. ఎల్లోస్టోన్‌లోగానీ గ్లేసియర్‌లోగానీ ఒక కారుకు 7 రోజులకు 35 డాలర్లు. ఏడాదిలో ఇలాంటి పార్కులు మూడు చూసేట్టయితే సంవత్సరపు పాస్ తీసుకోవడమే లాభం. అమెరికాలో నివసించేవాళ్లకు అది 80 డాలర్లు. ఒక ముఖ్యమైన మార్పు గమనించండి: 2026 జనవరి నుంచి ఇతర దేశాల నుంచి వచ్చేవాళ్లకు రుసుములు వేరు. వాళ్లకు సంవత్సరపు పాస్ 250 డాలర్లు. మీ అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చి ఉంటే, వాళ్లను తీసుకెళ్లే ముందు ఆ పార్కు వెబ్‌సైట్‌లో రుసుముల పేజీ తెరిచి చూసుకోండి. గేటు దగ్గర తెలిస్తే టెన్షన్. మీ ఇంట్లో నాలుగో తరగతి చదివే పిల్ల ఉంటే ఆ ఏడాది ఉచిత పాస్ వస్తుంది, అందులోనే మీ కారు కూడా లోపలికి వెళ్తుంది. తూర్పు వైపు ఉన్నవాళ్లకు గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ ఉంది. అక్కడ ప్రవేశ రుసుమే లేదు, పార్కింగ్‌కు మాత్రం రోజుకు 5 డాలర్లు, వారానికి 15.

తర్వాత రాత్రి బస. పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో సైట్‌కు రాత్రికి సుమారు 20 నుంచి 40 డాలర్లు ఉంటుంది. ఈ రుసుము సైట్‌కు, మనిషికి కాదు. చాలాచోట్ల ఒక సైట్‌లో ఆరుగురి దాకా ఉండొచ్చు. అంటే రెండు చిన్న కుటుంబాలు కలిస్తే ఖర్చు సగం. చాలావాటికి బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో నెలల ముందే తెరుచుకుంటుంది, మంచి తేదీలు నిమిషాల్లో అయిపోతాయి. వారం మధ్యలో వెళ్లగలిగితే దొరికే అవకాశం ఎక్కువ. బుక్ చేసేటప్పుడు సైట్ వివరాలు పూర్తిగా చదవండి. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర టెంట్లు వేయనివ్వరు. అది గ్రిజ్లీలు బాగా తిరిగే చోటు కాబట్టి గట్టి గోడలున్న ఆర్వీలకు, అంటే లోపలే పడుకునే బండ్లకు, మాత్రమే అనుమతి. సంగతి తెలియక బుక్ చేసుకుంటే డబ్బూ పోతుంది, ఆ రాత్రికి చోటూ ఉండదు.

పార్కు బయట నేషనల్ ఫారెస్ట్‌లో చాలాచోట్ల ఉచితంగా టెంట్ వేసుకోవచ్చు. సాధారణంగా ఒకచోట 14 రోజుల దాకా ఉండనిస్తారు. ఉచితం అనగానే మన కళ్లు అటే పోతాయి, సహజం. కానీ అక్కడ నీళ్లు ఉండవు, టాయిలెట్ ఉండదు, ఫుడ్ లాకర్ ఉండదు. ఎల్లోస్టోన్ చుట్టూ ఉన్న అడవుల్లో తిండిని ఎలుగులకు అందకుండా దాచి తీరాలని ఆదేశాలున్నాయి, ఉచితంగా దిగినవాళ్లకూ అవి వర్తిస్తాయి. ఆ సామాను మీ దగ్గర లేకపోతే కొనాలి. అందుకే మొదటిసారి వెళ్లే కుటుంబానికి నా సలహా: లాకర్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌కే డబ్బు కట్టండి. ఆ రుసుములో ఇనుప లాకర్, చెత్తడబ్బా, నీళ్లు, పక్కన మనుషులు, దగ్గర్లో రేంజర్ అన్నీ కలిసి వస్తాయి. ఉచిత అడవి ఎక్కడికీ పోదు, అలవాటు పడ్డాక వెళ్లొచ్చు.

(సభలోంచి ఒక ప్రశ్న.) ఈ చెల్లెమ్మ మంచి ప్రశ్న అడిగింది. "తిండి కారులో పెట్టి తాళం వేస్తే చాలదా, లాకర్ ఎందుకు?" ఎక్కడికి వెళ్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుందమ్మా. ఎల్లోస్టోన్‌లో తాళం వేసిన, అద్దాలు పూర్తిగా మూసిన కారులో తిండి పెట్టడానికి ఒప్పుకుంటారు. యోసెమిటీలో చీకటి పడ్డాక కారులో తిండి ఉండకూడదు. అక్కడి ఎలుగులకు కారు తలుపు పైఅంచు పట్టుకుని కిందికి వంచడం తెలుసు. లోపలికి దూరాక సీట్లు చీల్చి వెనక డిక్కీలోకి కూడా వెళ్తాయి. అక్కడ తిండి సరిగ్గా దాచకపోతే 5,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. కాబట్టి ఒక పార్కులో నేర్చుకున్న నిబంధన ఇంకో పార్కులో పనికొస్తుందని అనుకోవద్దు. బయల్దేరే ముందు ఆ పార్కు పేరు, దాని పక్కన ఫుడ్ స్టోరేజ్ అని వెతకండి, ఐదు నిమిషాల పని. అన్నట్టు పిల్లల కారు సీటు సంగతి. దాని మడతల్లో ఎన్ని బిస్కెట్ ముక్కలు ఉంటాయో పిల్లలున్న ఇంట్లో అందరికీ తెలుసు. వెళ్లే ముందురోజు కారు మొత్తం వాక్యూమ్ చేయండి.

ఇప్పుడు ఏం తినాలనేదానికి వస్తాను. దీనిమీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. డబ్బు, ఎలుగు రెండు సమస్యలూ ఇక్కడే తీరతాయి కాబట్టి.

క్యాంపులో అసలు సమస్య వండినది కాదు, మిగిలినది. ఇంట్లో అయితే ఫ్రిజ్‌లో పెడతాం. అక్కడ మిగిలిన అన్నం ఏం చేస్తారు? పారేయకూడదు. పాతిపెడితే ఎలుగు తవ్వుకుంటుంది. మంటలో వేస్తే పూర్తిగా కాలదు, వాసన బూడిదలోనే ఉండిపోతుంది. మీ తర్వాత వచ్చినవాళ్ల సైట్‌లో అర్ధరాత్రి ఎలుగు ఆ బూడిద కెలుకుతుంది. అందుకే ఇంటి దగ్గరే కొలిచి పెట్టుకోవాలి. ఒక కాగితం తీసుకుని రోజులు రాయండి, రోజుకు మూడు పూటలు, పూటకు ఎంతమంది. పూటకు కావాల్సిన బియ్యం, పప్పు, ఓట్స్ ఏదైనా సరే, కప్పుతో కొలిచి జిప్ కవర్‌లో పోసి, దాని మీద ఏ రోజు ఏ పూటో మార్కర్‌తో రాయండి. గాలి పూర్తిగా నొక్కేసి మూయండి. అట్టపెట్టెలన్నీ ఇంట్లోనే పారేయండి. ఇలా చేస్తే దుకాణంలో "ఎందుకైనా మంచిది" అని కొనే సరుకంతా ఆగిపోతుంది. ఖర్చు తగ్గేది నిజంగా ఇక్కడే. సామాను తగ్గుతుంది, మిగలడం తగ్గుతుంది, చెత్త తగ్గుతుంది.

నూనెలో వేయించే వంటలు అడవిలో వద్దు. వాసన దూరం పోతుంది, నూనె చుక్కలు నేల మీద, బట్టల మీద పడతాయి, గిన్నె కడగడానికి నీళ్లు ఎక్కువ కావాలి. ఒకే గిన్నెలో నీళ్లు మరిగించి అయిపోయే వంట చేసుకుంటే గ్యాస్ కూడా కలిసి వస్తుంది. గిన్నె కడిగిన నీళ్లలో మెతుకులుంటాయి. వాటిని చిన్న జాలీలో వడకట్టి ఆ మెతుకులను చెత్త సంచిలో వేయాలి. క్యాంప్‌గ్రౌండ్‌లో అయితే మురికినీళ్లు పోయడానికి చూపించిన చోటే పోయాలి.

కూలర్ గురించి. పెద్ద కూలర్ కొనే ముందు మీరు వెళ్లే క్యాంప్‌గ్రౌండ్ లాకర్ కొలతలు చూసుకోండి. లాకర్‌లో పట్టని కూలర్ రాత్రంతా మీకు తలనొప్పే. బల్ల మీద వదిలేసే కూలర్‌ను ఎలుగు చూడగానే గుర్తుపడుతుంది, లోపల ఏముందో వాసన చూడాల్సిన పని కూడా లేదు. కొన్ని కూలర్ల మీద ఎలుగులు తెరవలేవని ధ్రువీకరించే ముద్ర ఉంటుంది. ఆ పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే పిల్లలు సంబరపడతారు. వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో, తిరిగి అడవిలో వదలలేని గ్రిజ్లీలను ఉంచే కేంద్రం ఒకటుంది. తిండి పెట్టిన కూలర్‌ను వాటి ముందుంచుతారు. అవి కొరుకుతాయి, గీకుతాయి, ముందుకాళ్లతో దాని మీద ఎగిరెగిరి దూకుతాయి. అన్నీ కలిపి గంటసేపు తట్టుకుంటేనే పాస్. కానీ ఆ ముద్ర ఉన్న కూలర్ కూడా తాళం కప్పలు వేసినప్పుడే పనిచేస్తుంది. తాళాలు కొనకుండా ఖరీదైన కూలర్ కొంటే ఆ డబ్బు దండగే.

నడిచి లోపలికి వెళ్లి టెంట్ వేసేవాళ్లకు, అంటే బ్యాక్‌ప్యాకింగ్ చేసేవాళ్లకు, బేర్ క్యానిస్టర్ అవసరం రావచ్చు. గట్టి ప్లాస్టిక్ డబ్బా, ఎలుగు నోట్లో పట్టనంత లావు, మూత తిప్పాలంటే వేళ్లు కావాలి. యోసెమిటీ అడవి లోపల ఇది తప్పనిసరి. కొంటే 80 డాలర్ల పైమాటే. కొనకండి. పర్మిట్ ఇచ్చేచోటే తక్కువ అద్దెకు ఇస్తారు. అలాస్కాలోని డెనాలీలో అయితే పర్మిట్‌తో పాటు ఉచితంగానే ఇస్తారు. ఎల్లోస్టోన్‌లో నడిచి వెళ్లే సైట్లలో చాలాచోట్ల తిండి సంచి వేలాడదీయడానికి ఎత్తయిన అడ్డకర్ర ఉంటుంది. మీరు తాడు తీసుకెళ్తే చాలు. ఇలా ఎక్కడ ఏది ఇస్తారో తెలుసుకోవడమే అసలైన పొదుపు.

క్యానిస్టర్ వాసనను ఆపదు, తెరవకుండా మాత్రమే ఆపుతుంది. కాబట్టి టెంట్ పక్కన పెట్టుకోవద్దు. అడవి లోపల టెంట్ ఒకచోట, వంట దానికి 100 గజాల దూరంలో, తిండి దాచేది ఇంకోచోట 100 గజాల దూరంలో. వంట, తిండి రెండూ టెంట్‌కు గాలివాలున ఉండాలి, అంటే గాలి టెంట్ మీదుగా వాటివైపు వీచాలి. డబ్బాను ఏటి ఒడ్డునో కొండ అంచునో పెడితే ఎలుగు దొర్లించుకుపోయి నీళ్లలో పడేస్తుంది.

తిండి అంటే తినేవి మాత్రమే కాదు. చాలామంది పప్పు, బియ్యం జాగ్రత్తగా లాకర్‌లో పెట్టి, టూత్‌పేస్ట్ దిండు కింద పెట్టుకుని పడుకుంటారు. సబ్బు, సన్‌స్క్రీన్, పెదాలకు రాసుకునేది, డియోడరెంట్, దగ్గు మందు, పిల్లల తడి వైప్స్, వాడేసిన డైపర్లు, ఖాళీ జ్యూస్ సీసా, కుక్క గిన్నె, ఇవన్నీ ఎలుగుకు తిండే. ఆకురాలు కాలంలో, చలికాలపు నిద్రకు ముందు ఒళ్లు పెంచుకోవడానికి ఒక ఎలుగు రోజుకు 20,000 కేలరీల దాకా తింటుంది. అంత ఆకలి మీద ఉన్నది మింట్ వాసనకు కూడా వస్తుంది. రాత్రి పళ్లు తోముకున్నాక పేస్ట్ లాకర్‌లో పెట్టి, లాకర్ గొళ్లెం పడిందో లేదో చేత్తో లాగి చూసి, అప్పుడు టెంట్‌లోకి వెళ్లండి. వంట చేసిన బట్టలతో పడుకోవద్దు. పిల్లల జేబులు మీరే తడిమి చూడండి, అందులో చాక్లెట్ కాగితం తప్పకుండా ఉంటుంది.

ఇక బేర్ స్ప్రే, అంటే మీదికి వచ్చే ఎలుగును ఆపడానికి కొట్టే ఘాటైన మిరప మందు. గ్రిజ్లీలున్న ప్రాంతానికి వెళ్తే ఇది కొనాల్సిందే, ఇక్కడ పొదుపు వద్దు. 40, 50 డాలర్లు ఉంటుంది. అలాస్కాలో జరిగిన ఘటనలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, స్ప్రే వాడినప్పుడు పదింట తొమ్మిదిసార్లు ఎలుగు వెనక్కి తగ్గినట్టు తేలింది. కొనేటప్పుడు డబ్బా మీద బేర్ అని రాసి ఉందో లేదో, గడువు తేదీ ఎంతో చూడండి. మనుషుల కోసం అమ్మే చిన్న పెప్పర్ స్ప్రే దీనికి పనికిరాదు. విమానంలో చేతి సంచిలోనూ, చెక్-ఇన్ బ్యాగ్‌లోనూ దీన్ని తీసుకెళ్లనివ్వరు. విమానంలో వెళ్లేవాళ్లు దిగాక అక్కడే కొనాలి, లేదా ఎల్లోస్టోన్, గ్లేసియర్ దగ్గర దొరికేట్టు అద్దెకు తీసుకోవాలి. యోసెమిటీలో మాత్రం దీనికి అనుమతే లేదు. అక్కడ గ్రిజ్లీలు లేవు, ఉన్నవి బ్లాక్ బేర్‌లే, అంటే నల్ల ఎలుగులే.

స్ప్రే బ్యాగ్ అడుగున ఉంటే లేనట్టే లెక్క. నడుముకో, ఛాతీ పట్టీకో ఉండాలి. ఎలుగు మీదికి వస్తుంటే 30 నుంచి 60 అడుగుల దూరంలో ఉండగా, ముందు క్లిప్ తీసి, కాస్త కిందికి గురిపెట్టి నొక్కాలి. మీకూ ఎలుగుకూ మధ్య మబ్బులా కమ్ముకోవాలి. దోమల మందులా ఒంటికో టెంట్‌కో కొట్టుకునేది కాదిది. ఎండలో కారులో వదిలేస్తే డబ్బా పేలే ప్రమాదం ఉంది.

అసలు ఎదురుపడకుండా ఉండటమే మేలు. గుంపుగా నడవండి, మాట్లాడుకుంటూ నడవండి, మలుపుల దగ్గర, ఏరు హోరెత్తే చోట గొంతు పెంచండి. ఎలుగును ముందే హెచ్చరిస్తాయని దుకాణాల్లో అమ్మే గజ్జెల మీద డబ్బు పెట్టొద్దు. వాటి చప్పుడు ఎలుగుకు చాలా దగ్గరికి వచ్చేదాకా వినబడదు. ఎల్లోస్టోన్‌లో ఎలుగుకు కనీసం 100 గజాల దూరంలో ఉండాలని నిబంధన. ఫోటో కోసం దాన్ని దాటొద్దు. కనబడితే పరుగెత్తకండి, మీకంటే అది చాలా వేగంగా పరుగెత్తుతుంది. నెమ్మదిగా మాట్లాడుతూ వెనక్కి జరగండి, పిల్లల్ని దగ్గరికి లాక్కోండి. ఉలిక్కిపడిన గ్రిజ్లీ మీద పడి తాకితే బోర్లా పడుకుని, చేతులు మెడ వెనక కప్పుకుని, కదలకుండా ఉండాలి. బ్లాక్ బేర్ అయితే ఎదురు తిరిగి పోరాడాలి. రాత్రి టెంట్‌లోకి వచ్చినది ఏ ఎలుగైనా సరే, పోరాడాల్సిందే. రంగు చూసి ఏ రకమో తేల్చుకోవద్దు, బ్లాక్ బేర్ గోధుమరంగులో కూడా ఉంటుంది. గ్రిజ్లీకి భుజాల మధ్య మూపురం ఉంటుంది, అది చూడండి.

చివరగా తిరుగు ప్రయాణం. సైట్ ఖాళీ చేసే ముందు బల్ల కింద, మంట చుట్టూ, టెంట్ ఉన్నచోట మోకాళ్ల మీద కూర్చుని వెతకండి. ఈ పని పిల్లలకు అప్పగిస్తే బాగా చేస్తారు, వాళ్ల కళ్లు నేలకు దగ్గర. చెత్త సంచి ఎలుగులు తెరవలేని డబ్బాలోనే వేయండి, డబ్బా నిండి ఉంటే పక్కన పెట్టి వచ్చేయకండి, ఇంకో డబ్బా దాకా తీసుకెళ్లండి. విమానం ఎక్కేవాళ్లు వాడని స్ప్రేను చెత్తలో పడేయకుండా, విజిటర్ సెంటర్‌లో ఎక్కడ ఇవ్వాలో అడగండి. అప్పుడే అక్కడికి వస్తున్నవాళ్లు ఎవరైనా కనిపిస్తే గడువు తేదీ చూపించి వాళ్లకు ఇచ్చేసినా మంచిదే, వాళ్లకు 50 డాలర్లు మిగులుతాయి.

పూటల లెక్క రాసుకునే కాగితం నమూనా అక్కడ బల్ల మీద పెట్టాను, తలా ఒకటి తీసుకోండి. స్ప్రే క్లిప్ తీయడం ఎలాగో, మందు లేని డబ్బాతో బయట పచ్చిక మీద చూపిస్తాను. పెద్దవాళ్లంతా ఒక్కొక్కరూ చేసి చూడండి.